దశబంధం: ఒక వెంచరు లెక్క



పోయిన నెలలో ఒక సాయంకాలం నా పాత విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. ఎనిమిదో తరగతిలో నేను నల్లబల్ల మీద సవర్ణదీర్ఘ సంధి వ్రాస్తుంటే, కిటికీలో నుంచి బోధన్ రోడ్డు మీద పోయే చెరకు బండ్లను లెక్కపెట్టినవాడు. ఇప్పుడు వాడు (ఆయన అనాలేమో, నోరు తిరగడం లేదు) పట్టణం చుట్టుప్రక్కల భూములు కొని, చదును చేసి, రాళ్ళు పాతి, ప్లాట్లుగా అమ్మే వ్యాపారంలో ఉన్నాడు. ఇందూరులో దీనిని అందరూ ‘వెంచరు’ అంటారు. తెలుగు పండితుడినై ఉండీ నేనూ ఆ మాటే వాడుతాను. దానికి నా దగ్గర మంచి తెలుగుమాట లేదు.

చేతిలో ఒక పటం తెచ్చాడు. పదెకరాల భూమి. ఒకప్పుడు నిజాంసాగర్ కాలువ క్రింద చెరకు పండిన మాగాణి. నడుమ ఒక పాత మోటబావి, దాని గట్టున అయిదు చింతచెట్లు. వెనుకటి రోజుల్లో అక్కడ బెల్లపు గానుగ ఆడేదట. పటంలో ఆ చెట్ల మీదుగా రెండు రోడ్లు, పద్దెనిమిది ప్లాట్లు గీచి ఉన్నాయి. పార్కు ఎక్కడయ్యా అని అడిగాను. నైరుతి మూలలో, కరెంటు తీగల క్రింద, ముక్కోణపు తునక ఒకటి చూపించాడు.

“ఇల్లు కట్టనీకి పనికిరాని జాగ సార్ అది. పదోవంతు ఇడువుమన్నరు గద, గది ఇడిచిన. మంచి జాగ ఉత్తగ ఇడిస్తె నాకేం రావాలె? మీరే లెక్క చెప్పుండ్రి.”

లెక్కల మాస్టారిని అడగవలసిన ప్రశ్న తెలుగు పంతులును అడిగాడు. అయినా వాడు వెళ్ళిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. ‘పదోవంతు’ అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఆ మాటకు మన శాసనాలలో ఒక చుట్టం ఉంది. ఆ చుట్టరికం చెప్పడానికే ఈ వ్యాసం.

కాకతీయుల కాలపు శాసనాలు చదివినవారికి ‘దశబంధం’ అనే మాట పరిచితమే. ఎవరైనా తన సొమ్ముతో చెరువు త్రవ్విస్తే, లేదా తెగిన కట్ట పోయిస్తే, ఆ చెరువు నీటితో సాగులోకి వచ్చిన భూమిలో గాని, పంటలో గాని అతనికి ఒక భాగం మాన్యంగా దక్కేది. అదే దశబంధ మాన్యం. పేరులో ‘దశ’ ఉన్నది కాబట్టి పదవ వంతు అని అర్థం చెబుతారు. ఆచరణలో భాగం అన్నిచోట్లా ఒక్కటే కాదు. ఈ ఏర్పాటు కాకతీయులతోనే అంతరించలేదు. ఆంగ్లేయుల కాలపు ఈనాము లెక్కలలో కూడా దశబంధం ఒక పద్దుగా కనబడుతుంది.

ఇందులోని కిటుకు గమనించండి. చెరువు త్రవ్వించడం పుణ్యకార్యమని మనవాళ్ళు చెప్పుకొన్నారు. సప్త సంతానాలని ఏడింటిని లెక్కించి, పుత్రుడు, కృతి, దేవాలయం, అగ్రహారం, నిక్షేపాలతో పాటు తటాకాన్నీ, వనాన్నీ చేర్చారు. అంటే తోట వేసినవాడికి కొడుకును కన్నంత ఫలం. నా ఉద్యోగకాలమంతా పిల్లలకు ఈ పాఠమే చెప్పాను. కాని పుణ్యం ఒక్కదాన్నే నమ్ముకొని రాజ్యం నడపలేదు మన పూర్వులు. చెరువుకు ఖర్చు పెట్టినవాడికి ఆ చెరువు క్రిందనే భూమి ఇచ్చారు. నీరు నిలిచి ఉంటే అతని మడి పండుతుంది. కట్ట తెగితే ముందుగా ఎండేవాటిలో అతని మడీ ఒకటి. కట్టను కాచుకోవలసిన అక్కర అతనికి తరతరాలూ ఉంటుంది. ఖర్చు ఎవరిదో ఫలం వారిదే. పుణ్యమూ, లాభమూ ఒకే గట్టు మీద నడిచాయి.

కాకతీయుల చెరువుల నుంచి నిజాంసాగర్‌కు రావడానికి ఏడు వందల ఏళ్ళు దూకాలి. కాని లెక్క మారలేదు, కొలత మారింది.

మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో ముగిసింది. దాని రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీరందించాలని సంకల్పం. ఆనకట్ట 2016లో జిల్లాలు విడిపోయిన తరువాత కామారెడ్డి జిల్లాలోకి పోయింది గాని, దాని కాలువ పెట్టిన తిండి తిన్నది బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్, ఇందూరు ప్రాంతాలన్నీ. అంతవరకు జొన్నలు పండిన చెలకలు మాగాణులయ్యాయి. ఆ నీటి మాట కృష్ణా, గోదావరి డెల్టాల దాకా ప్రాకింది. అక్కడ ఒక ఎకరం అమ్మిన డబ్బుతో ఇక్కడ అనేక ఎకరాలు వచ్చే రోజులు. బండ్లు కట్టుకొని, రైళ్ళెక్కి వచ్చిన కుటుంబాలు కాలువ వెంట గుడిసెలు వేసుకొన్న చోట్లను ఈనాటికీ ‘క్యాంపు’లనే పిలుస్తారు. వాళ్ళ మనుమలు ఇప్పుడు నాకంటె చక్కగా ఇందూరు యాస మాట్లాడతారు.

భూమి అదే భూమి. దాని ధర పెంచింది ఏమిటి? ఏ పట్టాదారూ అమ్మని, అమ్మలేని ఒక వస్తువు: ఊరుమ్మడి నీరు. సర్కారు ఖర్చు పెట్టింది నిజమే. కాని ఆ సర్కారు కట్టేసి వెళ్ళిపోలేదు. ప్రతి పంటకూ శిస్తు దానికే రావాలి. అంతటితో ఆగక, కాలువ పారే చోటనే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపన జరిగింది. 1929లో ఏర్పడిన పారిశ్రామిక నిధి ద్వారా దానిలో ప్రభుత్వపు పెట్టుబడి ఉంది. కాలువ సర్కారుది, శిస్తు సర్కారుది, ఆ నీటితో పండిన చెరకును గానుగాడే ఫ్యాక్టరీలో వాటా కూడా సర్కారుదే. దశబంధానికి ఇంతకంటె పెద్ద ఉదాహరణ నాకు కనబడలేదు. నిజాం పాలనను పొగడడం నా ఉద్దేశం కాదని వేరే చెప్పనక్కరలేదు. ఇందూరు ఖిల్లా జైలులో దాశరథి వంటి మహాకవిని బంధించిన పాలన అది. కాని లెక్క లెక్కే.

ఆ కాలువ నీటితోనే, అదే కాలంలో, ఇందూరు నుంచి బాసరకు పోయే దారి ప్రక్కన అలీసాగర్ వెలిసింది. జలాశయం, దాని ఒడ్డున తోటలు, గుట్ట మీద అతిథి గృహం. తరువాతి కాలంలో జింకల వనం కూడా వచ్చింది. మా చిన్నతనంలో బడి పిల్లలను వనభోజనాలకు తీసుకొనిపోయేది అక్కడికే. ఉపాధ్యాయుడినైన తరువాత నేనూ తీసుకొనిపోయాను. ఉసిరిచెట్టు క్రింద పులిహోర తిన్న పిల్లలలో సగంమందికి ఆ నీరు తమ ఊరి పొలానికి పోయే నీరేనని తెలియదు. చెబితే నమ్మేవారు కారు. తోట అంటే సర్కారు సరదా అనుకొనేవారు.

ఇక శక్కర్‌నగర్. బోధన్‌లో ఫ్యాక్టరీ చుట్టూ పుట్టిన ఆ ఊరి పేరులోనే చక్కెర ఉన్నది. ఒకనాడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర కర్మాగారమని మేము పుస్తకాలలో చదువుకొన్నాం. దానికి సొంతంగా వేల ఎకరాల చెరకు తోటలుండేవి. కాలనీలో వేప, చింత, గుల్‌మొహర్ చెట్ల క్రింద నడిచిపోతుంటే వేసవి మధ్యాహ్నం కూడా చెప్పులు లేకుండా నడవవచ్చు అనిపించేది. గానుగాట రోజుల్లో గాలిలో ఉడికిన రసం వాసన. ఆ చెట్లను ఎవరో సౌందర్యాభిమాని నాటించాడని నేను అనుకోను. పనివాడు అక్కడే నివసించాలి, ఆఫీసరు అక్కడే నివసించాలి, ఆ భూమి ఎన్నాళ్ళైనా కంపెనీదే కావాలి. అటువంటప్పుడు చెట్టు ఖర్చు కాదు. బాయిలరు, గానుగ వలె అదీ ఒక ఆస్తి.

ఈ సంగతి మన దగ్గరే కాదు, ఇతర దేశాలలోను ఇదే తీరున నడిచింది. ఇంగ్లండులో లివర్‌పూల్‌కు ఎదురుగా, మెర్సీ నది ఆవలి ఒడ్డున బర్కెన్‌హెడ్ అనే పట్టణం ఉన్నది. అక్కడి పట్టణాధికారులు 1840లలో సుమారు 226 ఎకరాల బురదనేల కొన్నారు. అందులో 125 ఎకరాలు ప్రజల కోసం పార్కుగా విడిచి, మిగిలినది చుట్టూ ఇళ్ళ స్థలాలుగా అమ్మి ఆ పార్కు ఖర్చు రాబట్టాలని వారి పథకం. జోసెఫ్ పాక్స్‌టన్ రూపకల్పన చేసిన ఆ పార్కు 1847లో తెరుచుకొంది. చూడండి, మావాడు పదోవంతుకే బాధపడుతుంటే, వాళ్ళు సగానికి పైగా విడిచిపెట్టారు! అయితే చుట్టూ ఉన్న స్థలాలు కూడా వాళ్ళవే. కిటుకు అక్కడ ఉంది.

1850లో ఆ పార్కును చూచి ఆశ్చర్యపోయిన ఒక అమెరికా యువకుడు ఫ్రెడరిక్ లా ఆమ్‌స్టెడ్. తరువాత కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్కులో సెంట్రల్ పార్కు రూపుదిద్దినవాడు ఇతడే. ఇతడు తోటల కళాకారుడే గాక, గొప్ప కరణం కూడా. పార్కును ఆనుకొన్న మూడు వార్డుల భూముల మదింపు విలువను 1856 నుంచి 1873 దాకా వరుసగా లెక్కకట్టి పెట్టాడు. రెండు కోట్ల అరవై నాలుగు లక్షల డాలర్లు ఇరవై మూడున్నర కోట్లు దాటాయి. ఊరు పెరుగుతుంటే భూమి ధర ఎలాగూ పెరుగుతుంది గదా అని మీరంటారు. ఆ శంక అతనికీ కలిగింది. సహజంగా పెరిగేది ఇంత అని తీసివేసి చూపించాడు. అయినా పద్దెనిమిది కోట్లకు పైగా మిగిలింది. పార్కు భూమికీ, నిర్మాణానికీ అయినది దాదాపు కోటీ నలభై లక్షలు. ఆ పెరిగిన విలువ మీద పన్ను ఏటేటా నగరపాలనకే వస్తుంది. మళ్ళీ దశబంధమే!

మన హైదరాబాదులో జూబిలీహిల్స్ నడుమ ఉన్న అడవిని 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనంగా ప్రకటించారు. దాని చుట్టూ ఇల్లు కొనాలంటే ఏ ధర పలుకుతుందో హైదరాబాదులోని మిత్రులు నాకంటె బాగా ఎరుగుదురు. వనాన్ని కాపాడింది ఒకరు, ధర పొందినది మరొకరు. ఆ ధరలో దమ్మిడీ కూడా చెట్టుకు నీళ్ళు పోసినవాడికి చేరలేదు.

ఈ మాట దగ్గర ఆగాలి. ఇందూరు కథ సరిగ్గా ఇక్కడే దారి తప్పింది.

చక్కెర కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబరులో కార్మికులకు లేఆఫ్ ప్రకటించి మూసివేశారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ దానిని లిక్విడేషన్‌కు పంపింది. తిరిగి తెరవాలని 2024లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఈ వ్యవహారంలోని తప్పొప్పులు వ్రాయడానికి వేరే వ్యాసం కావాలి. నేను చెప్పదలచినది ఒక్కటే. చెరకు కొనేవాడు లేకపోతే రైతు వరికి మళ్ళుతాడు. పట్టణానికి దగ్గరి భూమి అయితే వరి కూడా నిలువదు, రాళ్ళు పాతుతారు. 2005లో ఇందూరు పురపాలక సంఘం నగరపాలక సంస్థ అయింది. బోధన్ రోడ్డు, హైదరాబాదు రోడ్డు, ఆర్మూరు రోడ్డు, అన్ని దారులలోను తెల్లరాళ్ళు మొలిచాయి. కాలువ సృష్టించిన విలువను ముక్కలు చేసి అమ్మడం మొదలైంది. ఈ అమ్మకంలో కొత్త మనిషి ఒకడు రంగం మీదికి వచ్చాడు: భూమిని కొన్ని నెలలు మాత్రమే చేత పట్టుకొని వదిలేసేవాడు. చెట్టు నీడ వచ్చేసరికి అతడు అక్కడ ఉండడు. అతనికి చెట్టెందుకు?

నా సొంత కథ కొంచెం చెబుతాను. ఉద్యోగంలో ఉండగా, పొదుపు చేసిన డబ్బుతో పట్టణం బయట రెండు వందల గజాల ప్లాటు కొన్నాను. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ అనవసరం. వాళ్ళిచ్చిన రంగుల కాగితంలో నా ప్లాటుకు ఎదురుగా ఆకుపచ్చని చతురస్రం, అందులో ఒక బెంచీ, బెంచీ మీద ఒక తాతా మనుమరాలూ. ఆ తాతను నేనేనని అనుకొన్నాను. నాలుగేళ్ళ తరువాత పోయి చూస్తే ఆ చతురస్రంలో మూడు ఇళ్ళు లేచి ఉన్నాయి. అడిగితే, అది ‘ఊహాచిత్రం’ అన్నారు. తెలుగు చక్కగానే వచ్చు వాళ్ళకు.

అసలు దెబ్బ తరువాత తగిలింది. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేయడానికి ప్రభుత్వం 2020 ఆగస్టు 31న జీ.వో. 131 ఇచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందే అటువంటి ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపారు. దరఖాస్తు రుసుము వెయ్యి రూపాయలు. చిత్రమేమిటంటే దానికే జనం బారులు తీరారు. అందులో ఒక నిబంధన ఉంది: లేఅవుటులో పది శాతం ఖాళీస్థలం విడిచి ఉండకపోతే, ప్లాటు యజమాని తన ప్లాటు విలువలో పధ్నాలుగు శాతం ఖాళీస్థలపు రుసుముగా చెల్లించాలి. క్రమబద్ధీకరణ రుసుము దీనికి వేరు. 2025లో పాతిక శాతం రాయితీ ఇచ్చినప్పుడు నేనూ కట్టివచ్చాను. రశీదు చేతిలో పట్టుకొని ఆలోచిస్తే విషయం బోధపడింది. నేను పార్కు కొన్నాను. అది ఎక్కడా లేదు. ఆ భూమిని అమ్మి డబ్బు చేసుకొన్నది ఒకరు. దాని వెల మళ్ళీ సర్కారుకు చెల్లించినది నేను. లేని చెట్టుకు రెండుసార్లు వెల.

ఇక మావాడు అడిగిన లెక్క. తప్పులుంటే గణితం తెలిసిన మిత్రులు సరిదిద్దండి.

పదెకరాలంటే 48,400 చదరపు గజాలు. రోడ్లకు ముప్ఫై శాతం పోతుందనుకొందాం, 14,520 గజాలు. మిగిలేది 33,880. పార్కుకు పదోవంతు, అంటే 4,840 గజాలు విడిస్తే, అమ్మకానికి 29,040 మిగులుతాయి. 33,880కి 29,040 ఎంత? సరిగ్గా ఏడుకు ఆరు. అనగా, పార్కు లేకుండా గజం ఆరు వేలకు అమ్మేవాడు, పార్కు విడిచినందుకు నష్టపోకుండా ఉండాలంటే గజం ఏడు వేలకు అమ్మాలి.

ఇప్పుడు కొనేవాడి వైపు నుంచి చూడండి. పార్కు లేని ప్లాటు ఆరు వేలకు కొన్నాడు. పధ్నాలుగు శాతం ఖాళీస్థలపు రుసుము 840. మొత్తం 6,840. పార్కు ఉన్న ప్లాటు 7,000. తేడా గజానికి నూట అరవై రూపాయలు! రెండు వందల గజాలకు ముప్ఫై రెండు వేలు. రుసుమును రిజిస్ట్రేషన్ విలువ మీద కడతారు, అది చేతులు మారే అసలు ధర కంటె సాధారణంగా తక్కువ. కాబట్టి తేడా నిజంగా ఇంతకంటె ఎక్కువే ఉంటుందని ఒప్పుకొంటాను. కాని నేను ఏళ్ళ తరబడి ఎదురుచూచిన కాలానికి వెల కట్టారా? ఇల్లు కట్టడానికి అనుమతి రాదు, బ్యాంకు అప్పు పుట్టదు, అమ్ముదామంటే కొనేవాడు సంశయిస్తాడు. అవన్నీ కలిపితే ఆ తేడా చుట్టూ తిరిగి వచ్చి సమానమవుతుందనే నా నమ్మకం.

కాని మావాడి ప్రశ్న కొనేవాడి గురించి కాదు గదా, తన సంచి గురించి. అదీ చూద్దాం. అమెరికాలో జాన్ క్రాంప్టన్ అనే ఆచార్యుడు, పార్కుల ప్రక్క ఇళ్ళ ధరల మీద అనేకులు చేసిన పరిశీలనలన్నీ కూర్చి, 2001లో ఒక అంచనా చెప్పాడు. ప్రశాంతమైన పార్కును ఆనుకొన్న ఇంటికి ఇరవై శాతం దాకా అధిక ధర ఆశించవచ్చు. దూరం పోయేకొద్దీ అది తగ్గిపోతుంది. అమెరికా లెక్క ఇందూరుకు అతుకుతుందా అంటే అచ్చంగా అతకదు. వేరే లెక్క చేతిలో లేదు కాబట్టి దానితోనే నడుద్దాం.

పార్కును వెంచరు నడుమ, చింతచెట్ల చుట్టూ, చతురస్రంగా పెడితే భుజం దాదాపు డెబ్బై గజాలు, చుట్టుకొలత 280. పది గజాల ముఖం ఉన్న రెండు వందల గజాల ప్లాట్లు దానికి ఎదురుగా ఇరవై ఎనిమిది వస్తాయి. అదే మూలకు నెడితే రెండు ప్రక్కలే మనవి, పధ్నాలుగే వస్తాయి. నిలువుగా, సన్నగా, ముప్ఫై అయిదు గజాల వెడల్పుతో సాగదీస్తే ముప్ఫై నాలుగు. చూడండి, భూమి అంతే, చెట్లు అంతే. ఎక్కడ పెట్టావన్న దానిని బట్టి రెట్టింపు తేడా.

నడుమ పెట్టిన పార్కు లెక్కే తీసుకొందాం. ఇరవై ఎనిమిది ప్లాట్లకు గజానికి పన్నెండు వందలు అధికం వస్తే అరవై ఏడు లక్షల ఇరవై వేలు. వెనుక వరుసలోని యాభై ఆరు ప్లాట్లకు అందులో సగం చొప్పున వస్తే మళ్ళీ అంతే. మొత్తం ఒక కోటి ముప్ఫై నాలుగు లక్షల నలభై వేలు. పార్కుకు విడిచిన భూమి వెల, గజం ఆరు వేల చొప్పున, రెండు కోట్ల తొంభై లక్షల పైచిలుకు. అంటే సగం కూడా రాలేదు.

ఈ సంఖ్య చూచి నేను కొంత నిరుత్సాహపడ్డాను. పార్కు విడిస్తే బంగారం పండుతుందని వాడికి చెప్పాలని కూర్చున్నవాణ్ణి. అబద్ధం చెప్పలేను గదా. పర్యావరణ ప్రేమికులు కొందరు పచ్చదనం తన ఖర్చు తానే రాబట్టుకొంటుందని తేలికగా అంటారు. బర్కెన్‌హెడ్‌లో నిజమే కావచ్చు. పదెకరాల వెంచరులో, మొదటి ఏడాదిలో, అది నిజం కాదు.

‘మొదటి ఏడాదిలో’ అని ఎందుకన్నానంటే, ప్లాట్లు అమ్మేనాటికి పార్కు అనేది నాలుగు ముళ్ళకంపలు, ఒక బోర్డు. దానికి ఇరవై శాతం ఎవడిస్తాడు? చెట్టుకు నీడ రావాలి, పిల్లలు ఊగాలి, ముసలివాళ్ళు కూర్చోవాలి. అప్పుడు ధర పుడుతుంది. అప్పటికి అమ్మేవాడు ఉండడు. దశబంధం తెలిసినవాడు దీనికి జవాబు ఇట్టే చెబుతాడు. చెరువు క్రిందనే మడి ఉంచుకో. పార్కు ఎదుటి ప్లాట్లు ముందు అమ్మకు, కడపట అమ్ము.

ఇందుకు చట్టమే ఒక దారి చూపిస్తున్నదని ఆ రాత్రి నాకు తట్టింది. లేఅవుటుకు అనుమతి తీసుకొన్నప్పుడు, రోడ్లు, మురుగుకాలువలు వంటి పనులు పూర్తయ్యేదాకా ప్లాట్ల విస్తీర్ణంలో పదిహేను శాతం పురపాలికకు తనఖా పెట్టాలి. వాటిని ఆలోగా అమ్మడానికి వీలులేదు. 29,040లో పదిహేను శాతమంటే 4,356 గజాలు, దాదాపు ఇరవై రెండు ప్లాట్లు. వెంచరువాళ్ళు సాధారణంగా ఎవరూ కోరని ప్లాట్లు తనఖాకు చూపిస్తారు. ఎలాగూ ఆగవలసిన ఇరవై రెండు ప్లాట్లు పార్కు ఎదుటివే అయితే? పనులు పూర్తయ్యేసరికి చెట్లు మనిషెత్తు వస్తాయి. పైగా అక్కడ అయిదు చింతచెట్లు ముందే ఉన్నాయి. వాటి వయస్సు నా వయస్సు కంటె ఎక్కువ. వాటికి ఇరవై ఏళ్ళు ఎదురుచూడనక్కరలేదు; నరకకుండా ఉంటే చాలు.

మరుసటి ఆదివారం వాణ్ణి పిలిపించి, ఈ లెక్కంతా చిత్తు కాగితం మీద వేసి చూపించాను. సగం కూడా రాదన్న ముక్క దాచలేదు. వాడు చాలాసేపు కాగితం వంక చూచాడు. చిన్నప్పుడు సంధి విడదీయమంటే చూచినట్టే.

“తనఖా సంగతి మంచిగున్నది సార్. గది నాకు తట్టలే,” అన్నాడు. “కని ఇర్వై రెండు గాదు. పార్కు ముంగట పన్నెండు ఆపుత. మిగిల్నయి ఆపితె వడ్డీ ఎవరు కడ్తరు?”

“చింతచెట్లు?”

“మూడుంటయి సార్. రెండు రోడ్డులకు వస్తున్నయి.”

“రోడ్డు వంచరాదూ బిడ్డా?”

“రోడ్డు వంగితె వాస్తు అంటరు సార్ జనం.”

వాస్తుశాస్త్రం గురించి నాకు తెలిసినదంతా ఇంకో గంట చెప్పాను. చాయ్ తాగి, పటం మడత పెట్టుకొని వెళ్ళాడు. నిన్న ఫోను చేశాడు. సర్వేయరు మళ్ళీ కొలుస్తున్నాడట. మోటబావి పూడ్చరట, దాని మీద జాలీ వేస్తారట. నాలుగో చింతచెట్టు సంగతి ఇంకా తేలలేదు.